సీ బుక్కు ఎవరి పేరున? కావిడి నుంచి పికప్ బండి దాకా మన కథ

అన్నలూ, అక్కలూ, తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇది కాస్త పెద్ద పోస్టు. తీరిక ఉన్నప్పుడే చదవండి, కానీ చివరిదాకా చదవండి.

పోయిన నెల మేము ముగ్గురం రెండు రోజులు క్లాసులు ఎగ్గొట్టాం. మారేడుమిల్లి పైనుంచి మా చిన్నాన్న రాజమండ్రి దిగాడు, సెకండ్ హ్యాండ్ పికప్ బండి కొనడానికి. మాలో ఒకడికి సొంత చిన్నాన్న, మిగతా ఇద్దరికీ అదే వరస. ఆయనకి బండి నడపడం వచ్చు, చదవడం రాదు. మాకు చదవడం వచ్చు, బండి గురించి ఏమీ తెలీదు. మా ఇళ్లలో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు కాబట్టి, కాగితం కనబడితే చాలు మమ్మల్నే పిలుస్తారు. అలా వెళ్లాం.

తిరిగొచ్చాక హాస్టల్లో ఒక ఫ్రెండు అడిగాడు: "పాత బండి కొనడంలో హిస్టరీ ఏముందిరా, గ్రూపులో రాస్తానంటున్నారు?" ఉంది. ఆ రెండు రోజుల్లో మాకు అర్థమైంది అదే. మన కొండకీ కింద మైదానానికీ మధ్య నడిచిన కథంతా రెండే ప్రశ్నలు. సరుకు ఎవడు మోస్తున్నాడు? కాగితం ఎవడి పేరున ఉంది?

చక్రం లేని రోజులు

మన తాతల కాలంలో చింతపండైనా, కొండచీపుర్లైనా, అడ్డాకులైనా కావిడి మీదో నెత్తి మీదో దిగాల్సిందే. అదే సమయంలో కింద ఏం జరిగిందో చూడండి. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852కి పూర్తయింది. డెల్టాలో కాలువలు తవ్వారు. ఆ కాలువలు పొలానికి నీళ్లు ఇవ్వడమే కాదు, పడవలకి దారి కూడా ఇచ్చాయి. వడ్లు, కొబ్బరికాయలు పడవెక్కి పట్నం చేరాయి. పైన గోదావరి మీద కూడా పడవలు నడపాలని దుమ్ముగూడెం దగ్గర పనులు చేశారు గానీ, ఆ ప్రాజెక్టుని 1871లో ఆపేశారు. కిందవాళ్లకి నీటి దారి దొరికింది. మనకి కాలిబాటే మిగిలింది.

దీనివల్ల ఏం జరుగుతుంది? నలభై కిలోల చింతపండు మోసుకుని సంతకి దిగినవాడు, ధర నచ్చలేదని మళ్లీ కొండెక్కించుకుని పోలేడు. షావుకారు ఎంతంటే అంతే. ఉప్పు, ఎండుచేప, బట్ట తీసుకుని పైకొచ్చేవాడు కూడా షావుకారే. అమ్మే ధర అతనిదే, కొనే ధర అతనిదే. తూకం కూడా అతనిదే. మన వాళ్లకి లెక్కలు రాక మోసపోయారని స్కూల్లో చెప్పేవారు. లెక్కలు రాకపోవడం ఒక్కటే కాదు, సరుకు వెనక్కి తీసుకెళ్లే సాధనం లేకపోవడం కూడా కారణమే.

1879: కాగితం కొండెక్కింది

రంప తిరుగుబాటు అనగానే అందరికీ 1922 గుర్తొస్తుంది. దానికి 43 ఏళ్ల ముందే, 1879 మార్చిలో, మన చోడవరం చుట్టుపక్కల ఒకటి లేచింది. కారం తమ్మన్నదొర లాంటివాళ్లు ముందు నిలబడ్డారు. కల్లు మీద పన్ను, మన్సబుదారు వసూళ్లు, పోలీసుల దాష్టీకం, ఇవన్నీ కారణాలే. వాటితోపాటు ఇంకోటి ఉంది, అది మా మనసులో నాటుకుపోయింది.

కిందనుంచి వచ్చిన వ్యాపారులు మన వాళ్లతో అప్పు పత్రాలు రాయించుకునేవాళ్లు. తర్వాత కింద సివిల్ కోర్టులో దావా వేసేవాళ్లు. కొండమీద ఉన్నవాడికి ఆ సంగతి తెలిసేది కాదు, తెలిసినా అంతదూరం వెళ్లి నిలబడగలిగేవాడు కాదు. అవతలి మనిషి రాలేదు కాబట్టి డిక్రీ వ్యాపారికే. ఆ డిక్రీ పట్టుకుని వచ్చి పశువుల్ని, పంటని తోలుకుపోయేవాళ్లు. 5 రూపాయల అప్పుకి 100 రూపాయల విలువైన పశువులు, పంట పట్టుకుపోయిన సంగతి ఆనాటి ప్రభుత్వ రికార్డుల్లోనే ఉంది.

అంటే మన మీద మొదట పేలింది తుపాకీ కాదు. మనం చదవలేని కాగితం.

1922: రోడ్డు మన వీపు మీదుగా

తర్వాత రోడ్లు వచ్చాయి. ఎవరి కోసం వచ్చాయో అందరికీ తెలుసు. గూడెం కొండల్లో డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ రోడ్డు పనికి మన వాళ్లని తోలుకెళ్లి, చెప్పిన కూలి ఇవ్వకుండా చేయించాడు. పోడు మీద ఆంక్షలు, అడవి మీద ఆంక్షలు ఎలాగూ ఉన్నాయి. గాం గంటందొర, గాం మల్లుదొర అల్లూరి సీతారామరాజుతో కలవడానికి వెనక ఈ కోపం ఉంది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న మన రాజవొమ్మంగి స్టేషన్ల మీద దాడులు జరిగాయి. 1924 మే 7న కొయ్యూరు దగ్గర రామరాజుని చంపేశారు.

ఆ రోడ్లు మాత్రం మిగిలాయి. రోడ్డు మన చెమట, దాని మీద తిరిగే చక్రం వేరేవాడిది. చాలా కాలం అంతే నడిచింది.

చట్టం ఏం కాపాడింది, ఏం కాపాడలేదు

1917లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ ప్రాంతాలకి ఒక చట్టం చేసింది, వడ్డీ గురించి, భూమి బదిలీ గురించి. గిరిజనుడి అప్పు మీద ఏడాదికి 24 శాతం కంటే ఎక్కువ వడ్డీ కోర్టు ఇప్పించకూడదు. చక్రవడ్డీ కుదరదు. మొత్తం వడ్డీ అసలుని మించకూడదు. అనుమతి లేకుండా భూమి గిరిజనేతరుడికి పోకూడదు. ఆ తర్వాత 1959 రెగ్యులేషన్, దానికి 1970లో చేసిన సవరణ, మనం 1/70 అని పిలుచుకునేది. దాన్ని ఎంత తొక్కినా, మన భూమి కొంతైనా మిగిలిందంటే దాని వల్లే.

1956లో జీసీసీ వచ్చింది. చింతపండు, కొండచీపుర్లు, తేనె కొనడానికి ప్రభుత్వ డిపో పెట్టారు. షావుకారు తప్ప ఇంకో తలుపు ఉందని మన వాళ్లకి తెలిసింది అప్పుడే.

కానీ గమనించండి. ఈ చట్టాలన్నీ భూమికి, అప్పుకి, సరుకుకి. బండికి 1/70 లేదు. బండి ఎవడి పేరున ఉండాలో మనమే చూసుకోవాలి.

జీపు, నాలుగు సున్నా ఏడు, పికప్

రెండో ప్రపంచ యుద్ధం కోసం అమెరికాలో పుట్టిన విల్లీస్ జీపుని 1947 నుంచి మహీంద్రా వాళ్లు మన దేశంలో బిగించడం మొదలుపెట్టారు. యుద్ధానికి చేసిన బండి కాబట్టి కొండదారికి పనికొచ్చింది. మా ఊళ్లో పెద్దవాళ్లు ఇప్పటికీ ఏ నాలుగు చక్రాల బండినైనా "జీపే" అంటారు. తర్వాత 1986లో టాటా 407, 2000లో బొలెరో, ఆ వరసలో పికప్‌లు, 2005లో టాటా ఏస్.

ఈ బండ్లన్నిటికీ ప్రాణం డీజిలు ఇంజను. రుడాల్ఫ్ డీజిల్ అనే జర్మన్ ఇంజనీరు 1897లో దాన్ని సరిగ్గా నడిపి చూపించాడు. అందులో పెట్రోలు ఇంజనుకి ఉండే స్పార్క్ ప్లగ్గు ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే వచ్చే వేడికే డీజిలు అంటుకుంటుంది. తక్కువ స్పీడులో కూడా లాగుడు ఎక్కువ, అందుకే లోడుతో ఘాటీ ఎక్కుతుంది. ఈ సంగతి ఎందుకు చెప్తున్నామో కింద తెలుస్తుంది.

మా ఊరికి ఇప్పటిదాకా సొంత బండి లేదు. జీడిపిక్కల రోజుల్లో, చింతపండు రోజుల్లో కింద నుంచి బండి రావాలి. కిరాయి ముందే చెప్పరు. సరుకు తూచాక, డబ్బుల్లో కోసుకుంటారు. బండి షావుకారుదే అయితే సరుకు కూడా అతనికే వేయాలి. కావిడి రోజుల్లో ఎలా ఉందో ఇప్పుడూ అంతే, మధ్యలో చక్రం వచ్చింది, అంతే తేడా.

అందుకే చిన్నాన్న, ఇంకో మూడు కుటుంబాలు కలిసి 3 లక్షల 10 వేలు పోగుచేశారు. జీడిపిక్కల డబ్బు కొంత, మేకలు అమ్మింది కొంత, పెద్ద భాగం మా పిన్ని డ్వాక్రా గ్రూపులో తీసుకున్న లోను.

మొదటి బండి: మీటరు చెప్పిన అబద్ధం

మొదట చూసింది 2015 మోడల్ బొలెరో పికప్. మీటరు 78 వేలు చూపిస్తోంది. కొత్తగా రంగు వేశారు, మెరిసిపోతోంది. మేము ముగ్గురం పడిపోయాం. చిన్నాన్న మాత్రం డోరు తీసి కింద పెడళ్లు చూశాడు. బ్రేకు పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోయి ఇనుము కనబడుతోంది. "78 వేలకి ఇలా అరగదురా" అన్నాడు.

డ్యాష్‌బోర్డు సొరుగులో మావాడికి ఒక పాత ఆయిలు మార్చిన బిల్లు దొరికింది. 2021లో రాసింది, కిలోమీటర్లు 1,96,000. అమ్మేవాడు ఆ బిల్లు వేరే బండిదన్నాడు. బిల్లు మీద నంబరు ఇదే బండిది.

కింద దూరి చూస్తే ఛాసిస్ పొరలు పొరలుగా తుప్పు. రొయ్యల బండి అది. ఐసు కరిగి ఉప్పునీళ్లు ఏళ్ల తరబడి కారితే ఇనుము అలాగే అవుతుంది. డెల్టా బండి కొనేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. భీమవరం వైపు చేప, రొయ్య మోసిన బండా, రావులపాలెం అరటిగెలలు మోసిన బండా, కడియం మొక్కలు మోసిన బండా అని అడగండి. బండికి కూడా హిస్టరీ ఉంటుంది. మీటరు తిప్పేయొచ్చు గానీ, తుప్పుని తిప్పలేరు.

రెండో బండి: మంచి బండి, చెడ్డ షరతు

రెండోది 2018 మోడల్. 92 వేలు తిరిగింది, సర్వీసు బిల్లులన్నీ ఉన్నాయి. నిజంగా మంచి బండి. ధర 5 లక్షలు దాటింది. మన దగ్గర 3 లక్షల 10 వేలే.

ఇక్కడే అసలు కథ. మా వైపు సరుకు కొనే ఒక షావుకారు ఆ రోజు చిన్నాన్నకి ఫోన్ చేశాడు. ఆయనకి సంగతి ఎలా తెలిసిందో గానీ, "తక్కువ పడింది నేనిస్తాను, వడ్డీ కూడా వద్దు" అన్నాడు. షరతులు రెండు. సీ బుక్కు తన పేరున ఉండాలి, "ఊరికే, భరోసా కోసం". డబ్బు తీరేదాకా ఊరి సరుకంతా తనకే వేయాలి. రాత ఏమీ అక్కర్లేదు, నోటిమాట చాలు.

చిన్నాన్నకి నచ్చింది. నిజం చెప్పాలంటే మాక్కూడా నచ్చింది. వడ్డీ లేదు, బండి మంచిది. ఆ రాత్రి హాస్టల్ బయట టీ కొట్టు దగ్గర కూర్చుని మాట్లాడుకున్నాం. చిన్నాన్న అన్నాడు: "ఆయన మనకి కొత్తవాడా? ముప్పై ఏళ్ల నుంచి చూస్తున్నాం."

అప్పుడు మేము 1879 సంగతి చెప్పాం. పరీక్ష కోసం చదివింది, మొదటిసారి ఇంట్లో వాళ్లకి చెప్పాం. పత్రం ఎవరి దగ్గరుందో, కోర్టు ఎవరి మాట విందో, పశువులు ఎవరి ఇంటికి పోయాయో చెప్పాం. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "పశువులకి సీ బుక్కు కూడా లేదు కదరా, అయినా తోలుకుపోయారు" అన్నాడు.

చట్టం చూపు కూడా అంతే. మోటారు వాహనాల చట్టం ప్రకారం రికార్డులో ఎవరి పేరుంటే వాడే ఓనరు. 2018లో నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. బండి చేతులు మారినా, పేరు మారకపోతే ప్రమాదానికి బాధ్యత రిజిస్టర్ అయినవాడిదే. దీన్ని రెండు వైపులా చదవండి. మన డబ్బుతో కొన్న బండి వేరేవాడి పేరునుంటే, రేపు వాడు తీసుకుపోయినా మన చేతిలో కాగితం లేదు. "మీ పేరున బండి తీస్తాం, సంతకం పెట్టు చాలు" అని ఎవరైనా మన కుర్రాళ్లని అడిగితే, ఆ బండి ఎవరినైనా గుద్దినప్పుడు నోటీసు మన గుడిసెకే వస్తుంది.

"ఫైనాన్స్ తీసుకోవచ్చు కదా" అని అడుగుతారు. అదీ చూశాం. 3 లక్షలకి 12 శాతం "ఫ్లాట్" వడ్డీ, 3 ఏళ్లు అనుకోండి. వడ్డీ 1 లక్షా 8 వేలు, నెలకి సుమారు 11,333 కట్టాలి. అసలు నెలనెలా తగ్గుతున్నా వడ్డీ మాత్రం మొత్తం 3 లక్షల మీదే వేస్తారు కాబట్టి, నిజానికి అది సుమారు 21 శాతం పడుతుంది. 1917 చట్టం గీసిన 24 గీత పక్కకే వచ్చామన్నమాట. ఫ్లాట్ అనే మాట వినగానే క్యాలిక్యులేటర్ తీయండి.

మూడో బండి: 3,12,000 కిలోమీటర్లు

రెండో రోజు చూసింది 2014 మోడల్, ఏపీ 05 నంబరు. మీటరు 3,12,000. అమ్మే ఆయన కడియం వైపు నర్సరీ మొక్కలు వేసేవాడు. ముందే చెప్పేశాడు: "2 లక్షల 20 వేలకి ఇంజను బోరుకొచ్చింది, చేయించాను, ఇదిగో బిల్లు. క్లచ్చు మీరు మార్చుకోవాలి. వెనక టైర్లు రెండూ బటన్లు అరిగాయి."

ముందు రోజే చిన్నాన్న ఫోన్ చేసి ఇంజను వేడెక్కించొద్దని చెప్పాడు. చల్లగా ఉన్నప్పుడే సెల్ఫ్ కొట్టాడు, మొదటిసారికే అందుకుంది. ఆయిలు పోసే మూత తీసి చూశాడు. లోపలి నుంచి పొగ కొట్టుకొస్తే గాలిని నొక్కే బలం తగ్గిందని అర్థం, పైన చెప్పిన డీజిలు సూత్రం ఇదే. పొగ రాలేదు. సైలెన్సరు నుంచి నీలం పొగ వస్తే ఆయిలు కాలుతున్నట్టు. అదీ లేదు. లోడు లేకుండా కోరుకొండ రోడ్డులో తిప్పాడు. వెనక క్రౌను మోత వినబడలేదు. కమాన్ కట్టలు సరిగ్గా ఉన్నాయి. ఛాసిస్ నంబరు రుద్ది, సీ బుక్కుతో అంకె అంకె మేము సరిచూశాం.

మా పని కాగితాలు. మిగతావాళ్లకి ఉపయోగపడుతుందని వరసగా రాస్తున్నాం. ఎం-పరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి ఓనరు పేరు, ఎఫ్‌సీ తేదీ, ఇన్సూరెన్స్, ఫైనాన్స్ ఉందా లేదా చూడాలి. ఫైనాన్స్ ఉంటే వాళ్ల ఎన్‌వోసీ, ఫారం 35 లేకుండా డబ్బు ఇవ్వొద్దు. పేరు మార్పుకి ఫారం 29, 30. 8 ఏళ్లు దాటిన రవాణా బండికి ఏటా ఎఫ్‌సీ చేయించాలి, ఆ ఖర్చు కూడా ధరలో కలుపుకోవాలి. బండి, సరుకు కలిపి 3,000 కిలోల లోపు అని సీ బుక్కులో ఉంటే పర్మిట్ అక్కర్లేదు, దాటితే కావాలి. పాత చలాన్లు, పన్ను బాకీలు మన నెత్తిన పడకుండా ముందే చూసుకోవాలి. కొన్న 14 రోజుల్లో ఇన్సూరెన్స్ మన పేరుకి మార్చమని రాయాలి. మామూలు ఎల్‌ఎంవీ లైసెన్సుతో 7,500 కిలోల లోపు రవాణా బండి నడపొచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది, మన కుర్రాళ్లు ఇది తెలుసుకోవాలి.

ఇంకొక మాట, చేదుగా ఉన్నా చెప్పాలి. సంతరోజు మన పికప్‌లో ఎంతమంది ఎక్కుతారో మనకి తెలుసు. సరుకు బండిలో ఊరికే ఎక్కిన మనుషులకి ఇన్సూరెన్స్ కంపెనీ బాధ్యత లేదని ఆశారాణి కేసులో సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. సరుకుతో పాటు వెళ్లే సరుకు ఓనరు సంగతి వేరు. పెళ్లికో పండక్కో ఊరంతా ఎక్కి, ఘాటీలో బండి బోల్తా పడితే, పరిహారం కోసం కోర్టు చూసేది బండి ఓనరు వైపే. అంటే మన పిన్ని వైపు, మన చిన్నాన్న వైపు. సొంత బండి అంటే ఈ బరువు కూడా సొంతమే. "మనవాళ్లే కదా, ఎక్కించు" అనే ముందు ఇది గుర్తుపెట్టుకోండి.

పేరు

బేరం 2 లక్షల 65 వేలకి తెగింది. మిగిలిన 45 వేలు క్లచ్చుకి, టైర్లకి, పేరు మార్పుకి, ఇన్సూరెన్సుకి.

ఫారం మీద పేరు రాసేటప్పుడు చిన్నాన్న తన పేరు చెప్పబోయి ఆగాడు. "లోను ఎవరి పేరున ఉంది?" అని అడిగాడు. పిన్ని పేరున, అన్నాం. "అయితే బండీ ఆమె పేరునే రాయండి" అన్నాడు. మిగతా మూడు కుటుంబాల వాటాలు వేరే కాగితం మీద రాసి నలుగురితో సంతకాలు, వేలిముద్రలు పెట్టించాం. మనవాళ్ల మధ్య కూడా కాగితం ఉండాలి, అప్పుడే రేపు తగువు రాదు.

షావుకారు మళ్లీ ఫోన్ చేశాడు. 3 లక్షలు తిరిగిన డొక్కు కొన్నారట కదా అన్నాడు. "అవునండి, మాదే" అన్నాడు చిన్నాన్న.

బండి మారేడుమిల్లి ఘాటీ ఎక్కేటప్పుడు రెండుచోట్ల ఆపాల్సొచ్చింది, క్లచ్చు వాసన వచ్చింది. ఎలాగైనా ఊరికి చేరింది. రేపు చింతపండు రోజుల్లో ధర నచ్చకపోతే బస్తాలు దించకుండా జీసీసీ డిపోకో ఇంకో సంతకో తిప్పుకోగలం. వెనక్కి తీసుకెళ్లే సాధనం అంటే ఇదే. మా తాతలకి లేనిది ఇదే.

మీ ఊళ్లో ఎవరైనా బండి కొంటుంటే ఈ పోస్టు చూపించండి. హాస్టళ్లలో ఉన్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఒక్కరోజు సెలవు పెట్టి వాళ్లతో వెళ్లండి. బండి సంగతి వాళ్లు చూసుకుంటారు, కాగితం మీరు చదవండి. మనం చదువుకోవడానికి వచ్చింది ఇలాంటి పనికి కూడా. తప్పులేమైనా ఉంటే పెద్దలు సరిచేయండి.

జై ఆదివాసీ. జోహార్.